గని తవ్వకముందు ఈ నేల ఎలా ఉండేది? బేస్‌లైన్ కథ

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఆ మాట బేస్‌లైన్.

సెల్ఫ్ డ్రైవ్ కారు అద్దెకి తీసుకునేటప్పుడు మనం ఏం చేస్తాం? తాళం చేతికి రాగానే ఫోన్ తీసి కారు చుట్టూ ఒక రౌండ్ వీడియో తీస్తాం. ఇక్కడ గీత ఉంది, బంపర్ దగ్గర సొట్ట ఉంది, ఇవన్నీ నేను ఎక్కకముందే ఉన్నాయి అని. ఎందుకంటే తిరిగి ఇచ్చేటప్పుడు గొడవ వస్తే మన దగ్గర ఉండే ఒకే ఒక్క ఆధారం ఆ వీడియో. అది లేకపోతే డిపాజిట్ గోవిందా.

ఒక బొగ్గు గని రాబోతోంది అనుకోండి. తవ్వకం మొదలయ్యేలోపు ఆ ఊరి గాలి ఎలా ఉంది, వాన ఎంత పడుతుంది, మట్టిలో ఏముంది, బావిలో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి, ఇవన్నీ కొలిచి రాసి పెట్టాలి. అదే బేస్‌లైన్. ఇక్కడ తేడా ఏంటంటే కారు విషయంలో వీడియో తీసేది అద్దెకి తీసుకునేవాడు, కారు ఇచ్చే ఓనర్ కూడా పక్కనే నిలబడి చూస్తాడు. గని విషయంలో వీడియో తీసేది గని పెట్టేవాళ్లు డబ్బులిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు. నేల ఓనర్లకి, అంటే ఊళ్లోవాళ్లకి, చాలాసార్లు ఆ వీడియో తీశారన్న సంగతే తెలియదు.

కింద కామెంట్లలో మీరు ఏం రాయబోతున్నారో నాకు తెలుసు. "విజయవాడలో బొగ్గు గని ఎక్కడుంది బ్రో?" కరెక్టే. డెల్టాలో బొగ్గు లేదు. బెంజ్ సర్కిల్ కింద తవ్వితే ఒండ్రు మట్టి వస్తుంది, ఇంకా తవ్వితే నీళ్లొస్తాయి. కానీ ఒకసారి మ్యాప్ ఓపెన్ చేయండి. విజయవాడ నుంచి నూజివీడు, అక్కడి నుంచి విస్సన్నపేట, అలాగే పైకి వెళ్తే సత్తుపల్లి. వంద కిలోమీటర్ల లోపే. అక్కడ సింగరేణి వాళ్ల జేవీఆర్ ఓపెన్‌కాస్ట్ గనులు ఉన్నాయి. జేవీఆర్ అంటే ఆ ప్రాంతం నుంచి వచ్చిన మాజీ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు.

బొగ్గు పొరకి రాష్ట్ర సరిహద్దు తెలియదు కదా. గోదావరి లోయ వెంట ఆదిలాబాద్ వైపు నుంచి ఆగ్నేయంగా దిగుతూ వచ్చే ఆ బొగ్గు బేసిన్ చింతలపూడి దాకా కొనసాగుతుంది. కేంద్ర బొగ్గు శాఖ వేలానికి పెట్టిన బ్లాకుల లిస్టుల్లో మన ఆంధ్ర పేర్లు కూడా వచ్చాయి. చింతలపూడి సెక్టార్ ఏ1, రేచర్ల, సోమవరం వెస్ట్. సోమవరం ఎక్కడో కాదు, చాట్రాయి మండలం. 2022లో జిల్లాలు మారేదాకా అది కృష్ణా జిల్లానే, ఇప్పుడు ఏలూరు జిల్లా. అంటే నూజివీడు రసాలు పండే బెల్టు పక్కనే. కాబట్టి ఇది ఎక్కడో ధన్‌బాద్ కథ కాదు.

ఇంకో లింకు కూడా ఉంది. ఆ వైపు మెట్ట నుంచి దిగే తమ్మిలేరు చింతలపూడి మీదుగా ఏలూరు వచ్చి కొల్లేరులో కలుస్తుంది. మన బుడమేరు కూడా కొల్లేరులోకే. మెట్టలో మట్టి కదిలితే ఆ బురద ఆగేది డెల్టా పల్లంలో. పైనున్న నేల గురించి కిందున్నవాళ్లు పట్టించుకోవాల్సిన కారణం ఇంతకంటే పెద్దది అక్కర్లేదు.

ఇప్పుడు రూల్ ఏం చెప్తుందో ఫాస్ట్‌గా చూసేద్దాం, ఇది కొంచెం బోరింగ్. మన దేశంలో ఎన్విరాన్‌మెంట్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్, షార్ట్‌గా ఈఐఏ, తప్పనిసరి చేస్తూ మొదటి నోటిఫికేషన్ 1994 జనవరిలో వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2006 సెప్టెంబరు 14 నాటిది. గని లీజు ప్రాంతాన్ని కోర్ జోన్ అంటారు. దాని చుట్టూ 10 కిలోమీటర్ల వరకూ బఫర్ జోన్. ఈ మొత్తంలో కనీసం ఒక సీజన్, వానాకాలం కాకుండా, డేటా తీయాలి. ఆ రిపోర్టులో మూడో చాప్టర్ పేరే "పర్యావరణ వర్ణన". అసలు సరుకంతా అక్కడే ఉంటుంది. నాలుగో చాప్టర్‌లో గని వల్ల ఏం జరగొచ్చో లెక్కలేస్తారు, ఆ లెక్కలకి ఇన్‌పుట్ మూడో చాప్టర్. కోడ్ రాసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇన్‌పుట్ చెత్తయితే అవుట్‌పుట్ కూడా చెత్తే, ఎంత ఖరీదైన మోడల్ వాడినా సరే.

1994 అన్న ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. మన ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్ ఉంది కదా, నార్ల తాతారావు థర్మల్ స్టేషన్. దాని మొదటి యూనిట్ నడవడం మొదలైంది 1979లో. అప్పటికి ఈఐఏ అన్న రూలే లేదు. సింగరేణి ఇంకా పాతది. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గుందని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన విలియం కింగ్ గుర్తించాడు, 1920కల్లా ఆ పేరుతో కంపెనీ ఉంది. అంటే ఈ చోట్లలో "ముందు ఎలా ఉండేది" అనే ఫోటో చట్టప్రకారం ఎవరూ తీయాల్సిన అవసరమే రాలేదు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు మీ బంధువులుంటే అడగండి, బూడిద గురించి మాట్లాడతారు. కానీ 1978లో అక్కడి గాలి ఎలా ఉండేది అని అడిగితే పెద్దవాళ్ల జ్ఞాపకం తప్ప వేరే ఆధారం దొరకదు. జ్ఞాపకాన్ని ఏ కోర్టూ మైక్రోగ్రాముల్లో లెక్కపెట్టదు.

సరే, వాతావరణంతో మొదలుపెడదాం.

క్లైమేట్ బేస్‌లైన్ అంటే రెండు రకాల డేటా కలుపుతారు. ఒకటి వాతావరణ శాఖ, అంటే ఐఎండీ, దగ్గరి స్టేషన్‌లో 30 ఏళ్ల పాటు తీసిన సగటు. రెండోది గని పెట్టే చోటే ఒక చిన్న వెదర్ స్టేషన్ నిలబెట్టి ఆ ఒక్క సీజన్‌లో గంట గంటకీ తీసే రీడింగులు. ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం, గాలి దిశ, వాన.

ఇందులో గాలి దిశ గురించి ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే దుమ్ము ఎవరి ఇంట్లో పడుతుందో డిసైడ్ చేసేది అదే. మన వైపు వేసవిలో గాలి ఎక్కువగా దక్షిణం, నైరుతి వైపు నుంచి వీస్తుంది. అంటే దుమ్ము ఉత్తరం, ఈశాన్యం వైపున్న ఊళ్ల మీదికి పోతుంది. డిసెంబరు, జనవరిలో సీన్ రివర్స్. ఈశాన్యం, తూర్పు వైపు నుంచి గాలి, దుమ్ము పోయేది పడమర, నైరుతి ఊళ్లకి. రిపోర్టు కోసం చాలామంది ఎంచుకునేది మార్చి నుంచి మే సీజన్. అప్పుడు గాలి వీచే దిశని బట్టి మానిటర్లు పెడతారు. చలికాలంలో దుమ్ము తినాల్సిన ఊరికి ఒక్క మానిటర్ కూడా రాకపోతే? రూల్ ప్రకారం రిపోర్టు కంప్లీట్. ఆ ఊరికి మాత్రం బేస్‌లైన్ లేదు.

ఇంకో పాయింటు, మిక్సింగ్ హైట్. పేరు భయపెడుతుంది గానీ విషయం మీకు తెలిసిందే. భోగి రోజు పొద్దున్నే మేడ ఎక్కి చూశారా? మంటల పొగ పైకి పోదు. ఇళ్ల మీదే దుప్పటి కప్పినట్టు అలా పరుచుకుని ఉంటుంది. అదే రోహిణి కార్తెలో మధ్యాహ్నం ఎక్కడైనా గడ్డి తగలబెడితే పొగ నిలువుగా లేచి మాయమైపోతుంది. ఎండకి నేల కాలి, వేడి గాలి పైకి లేస్తూ పొగని కిలోమీటరు ఎత్తు దాటించేస్తుంది. చలికాలం తెల్లవారుజామున ఆ మూత కొన్ని వందల మీటర్ల లోపే ఉంటుంది. దుమ్ము అంతే, డబ్బా చిన్నది. అందుకని అదే గని, అదే దుమ్ము, మే నెలలో ఒక సంఖ్య చూపిస్తే జనవరిలో ఇంకొకటి చూపిస్తుంది. వేసవిలో నేల ఎండిపోయి దుమ్ము ఎక్కువ లేస్తుంది, అది కూడా నిజమే. కాబట్టి ఏ సీజన్ తీసుకుంటే కంపెనీకి లాభం అని ఒక్క మాటలో తేల్చలేం. రెండు సీజన్లూ తీయండి అని మాత్రం అడగొచ్చు. నన్నడిగితే, వేల ఎకరాల ప్రాజెక్టుకి మూడు నెలల డేటా సరిపోతుందనడం అన్యాయం.

ఆ మూడు నెలల్లో కూడా గాలి నాణ్యత రోజూ కొలవరు. ఒక్కో చోట వారానికి రెండు రోజులు, 24 గంటల చొప్పున. 12 వారాలకి 24 రీడింగులు. పీఎం10 కి మన జాతీయ పరిమితి 24 గంటల సగటులో ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు, పీఎం2.5 కి 60. టేబుల్‌లో కనిష్ఠం, గరిష్ఠం, సగటు, 98వ పర్సెంటైల్ అని కాలమ్స్ ఉంటాయి. ఇరవై నాలుగు రీడింగుల్లో 98వ పర్సెంటైల్ అంటే దాదాపు గరిష్ఠమే, దానికంత పేరెందుకో అర్థం కాదు. సాఫ్ట్‌వేర్‌లో యావరేజ్ రెస్పాన్స్ టైమ్ చూపించి సంబరపడేవాణ్ని సీనియర్లు ఒక చూపు చూస్తారు, పీ99 ఎంతమ్మా అని. ఇక్కడ కూడా అంతే. మనిషికి దగ్గు వచ్చేది సగటు రోజున కాదు, చెడ్డ రోజున.

వాన విషయంలో సగటు ఇంకా పెద్ద మోసం. విజయవాడ, ఖమ్మం వైపు ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు, అటూ ఇటూ. రిపోర్టులో ఆ లైను ఉంటుంది. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 మీకు గుర్తుందిగా. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు కాలనీల మీద పడింది. ఏడాది సగటుకి ఆ రెండు రోజులతో సంబంధం ఏంటి?

చిన్న లెక్క చేద్దాం. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 వేల లీటర్లు. ఓపెన్‌కాస్ట్ గొయ్యి, డంపులు కలిపి 500 హెక్టార్లు అనుకుందాం, ఉదాహరణకి. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు పడితే 50 కోట్ల లీటర్లు. ఆ నీళ్లు ఊరికే పోవు, డంపు మీది వదులు మట్టినీ బొగ్గు పొడినీ మోసుకుపోతాయి. అందుకే గని చుట్టూ గార్లాండ్ డ్రెయిన్లు తవ్వాలి, మడ్డి దిగడానికి సెటిల్మెంట్ చెరువులు కట్టాలి. బొగ్గు గనుల అనుమతి లెటర్లలో సాధారణంగా కనిపించే ఒక షరతు ఉంది: 50 ఏళ్ల డేటాలో వచ్చిన అతి పెద్ద కుండపోత వానని తీసుకుని, దాని మీద ఇంకో 50 శాతం మార్జిన్ వేసి ఆ డ్రెయిన్లు డిజైన్ చేయాలని. షరతు బాగుంది. కానీ ఆ వాన డేటా ఏ స్టేషన్‌ది? 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎయిర్‌పోర్టులో పడని వాన గని మీద పడొచ్చు. సింగ్ నగర్‌వాళ్లకి ఈ ముక్క విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు మట్టి. నాకు ఇష్టమైన భాగం, అందుకే ఎక్కువసేపు తీసుకుంటా.

డెల్టాలో మనకి అలవాటైంది ఒండ్రు. నది తెచ్చి పోసిన మట్టి, లోతుగా, మెత్తగా, వరికి పనికొచ్చేది. పైకి మెట్టకి వెళ్తే సీన్ వేరు. ఒక పక్క చల్కా నేలలు, ఎర్రగా, ఇసక పాలు ఎక్కువ, నీళ్లు పోస్తే గుటుక్కున మింగేస్తాయి. ఇంకో పక్క నల్లరేగడి, వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. ఒకే ఊళ్లో రెండూ ఉంటాయి. ఒకే రైతు చేలో కూడా ఉంటాయి.

ఇప్పుడు శాంపిలింగ్ చూడండి. 10 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తం వైశాల్యం ఎంత? పై ఆర్ స్క్వేర్, 314 చదరపు కిలోమీటర్లు. అంత విస్తీర్ణంలో మట్టి శాంపిల్స్ ఎనిమిదే తీశారనుకుందాం. ఒక్కో శాంపిల్ దాదాపు 39 చదరపు కిలోమీటర్లకి ప్రతినిధి. విజయవాడ కార్పొరేషన్ మొత్తం విస్తీర్ణం 62 లోపు. అంటే భవానీపురంలో ఒక గుప్పెడు మట్టి తీసి, పటమట దాకా ఇదే అని రాసినట్టు. చల్కా, రేగడి పక్కపక్కనే ఉండే చోట ఇది ఎంత గుడ్డి లెక్కో మీరే ఊహించుకోండి.

శాంపిల్‌లో ఏం చూస్తారు? ముందు టెక్స్చర్, అంటే ఇసక, ఒండు, బంక ఎంతెంత. తర్వాత పీహెచ్, ఉప్పు శాతం చెప్పే ఈసీ, బల్క్ డెన్సిటీ, నీళ్లు పట్టే శక్తి, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, కొన్ని లోహాలు. వీటిలో సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ అని, 0.75 దాటితే ఎక్కువ అని గుర్తు. లభ్య నత్రజని హెక్టారుకి 280 కిలోల లోపైతే తక్కువ. రైతు కుటుంబం నుంచి వచ్చినవాళ్లకి ఈ లిస్టు ఎక్కడో చూసినట్టు ఉండాలి. అవును, 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో ఉండేది కూడా దాదాపు ఇవే. ఇంట్లో బీరువాలో ఆ కార్డు మడతపెట్టి ఉంటే పారేయకండి. అది మీ పొలానికి సర్కారు ఇచ్చిన బేస్‌లైన్. కంపెనీ రిపోర్టులో మీ ఊరి మట్టి "తక్కువ సారవంతం" అని రాస్తే, మీ కార్డు ఏం చెప్తుందో పక్కన పెట్టి చూడొచ్చు.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఓపెన్‌కాస్ట్‌లో మొదట లేపేది పై మట్టినే. నాగలి తిరిగే ఆ అడుగు మందం తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. దాన్ని విడిగా తీసి, తక్కువ ఎత్తు కుప్పలుగా పోసి, గడ్డి పెంచి కాపాడి, తర్వాత గొయ్యి పూడ్చాక మళ్లీ పైన పరచాలి. ఎత్తుగా పోస్తే లోపల గాలి ఆడక అందులో ఉన్న జీవం చచ్చిపోతుంది, వానపాములు, సూక్ష్మజీవులు, గడ్డి విత్తనాలు అన్నీ. ఓవర్‌బర్డెన్‌తో కలిపేస్తే ఇంక విడదీయలేం. గని మూతపడ్డాక "నేలని పూర్వస్థితికి తెచ్చాం" అని రాయాలంటే ఆ పూర్వస్థితి ఏంటో ఒక సంఖ్య ఉండాలిగా. ఆ సంఖ్యని మొదట్లోనే తక్కువగా రాసేస్తే, తర్వాత లక్ష్యాన్ని అందుకోవడం చాలా తేలిక. ఎవరో కావాలని చేస్తారని అనట్లేదు. ఎనిమిది గుప్పెళ్ల మట్టితో ఇది దానంతటదే జరిగిపోవచ్చు.

పీహెచ్ గురించి ఒక్క ముక్క, ఇది మంచి వార్త. మేఘాలయలో జైంతియా కొండల వైపు బొగ్గులో గంధకం ఎక్కువ. గని నీళ్లు ఆమ్లంగా మారి వాగుల్లో చేపలు పోయాయి. మన గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. పైగా రేగడిలో సున్నపు గరుగులు ఉంటాయి కాబట్టి ఆమ్లాన్ని కొంత తట్టుకుంటుంది. అలాగని కొలవడం మానేయకూడదు.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌కి అసలు కారణమైన విషయానికి వస్తా. బీటలు.

సత్తుపల్లిలో గనికి దగ్గరున్న కాలనీలవాళ్లు బాంబు పేలుళ్ల వల్ల ఇళ్ల గోడలు పగులుతున్నాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. పేలుడు వల్ల నేల అదురుతుంది, అది నిజం. ఎంత అదరొచ్చో కూడా రూలుంది. గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్ 1997 సర్క్యులర్ ప్రకారం, కంపెనీవి కాని మామూలు ఇళ్ల దగ్గర, తక్కువ ఫ్రీక్వెన్సీ కంపనాలైతే సెకనుకి 5 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ 10, 15 దాకా ఒప్పుకుంటారు.

కానీ రేగడి నేల మీద కట్టిన ఇల్లు పేలుడు లేకపోయినా బీటలు వారుతుంది. గుడివాడ వైపు పాత ఇళ్లు చూసినవాళ్లకి తెలుసు. వానకి పునాది కింద మట్టి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, గోడ మూల నుంచి ఏటవాలుగా గీత పడుతుంది. కాబట్టి ఒక పగిలిన గోడ ముందు నిలబడి ఇది గని చేసిందా, రేగడి చేసిందా అంటే ఇంజినీరుకి కూడా చూపుతో చెప్పడం కష్టం. ఎక్కడైనా ఇలాంటి గొడవలో అవతలివాళ్లు మొదట ఎత్తే వాదన ఇదే: మీ మట్టే అలాంటిది, మీ పునాదే అలాంటిది.

దీన్ని తేల్చే దారి మట్టి బేస్‌లైన్‌లోనే ఉంది, అడిగితే. మట్టి ఎంత ఉబ్బుతుందో కొలిచే టెస్టు సింపుల్. జల్లించిన పొడి మట్టి 10 గ్రాములు నీళ్లున్న గొట్టంలో, ఇంకో 10 గ్రాములు కిరోసిన్ ఉన్న గొట్టంలో వేసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. రెండు గొట్టాల్లో మట్టి ఎత్తు తేడా చూస్తే ఉబ్బే గుణం ఎంతో తెలిసిపోతుంది. ఇల్లు కట్టేముందు చేసే మామూలు సివిల్ ఇంజినీరింగ్ పరీక్ష ఇది, ఐఎస్ కోడ్ కూడా ఉంది. గని రిపోర్టుల్లో మట్టి టేబుళ్లు ఎక్కువగా పంట కోసం తయారుచేసినట్టు ఉంటాయి. నత్రజని ఎంత అని ఉంటుంది, పునాది కింద మట్టి ఎంత ఉబ్బుతుంది అన్న కాలమ్ కనపడటం అరుదు. ఆ ఒక్క కాలమ్, దానికి తోడు తవ్వకానికి ముందు ప్రతి ఇంటి గోడల ఫోటోలు, తర్వాత ఆ ఇంటి దగ్గరే పెట్టిన కంపనాల మీటరు రీడింగులు. ఈ మూడూ ఉంటే, బీట వానాకాలంతో పాటు మూసుకుని తెరుచుకుంటోందా, లేక పేలుడు తేదీలతో పాటు పెరుగుతోందా అన్నది చూసి చెప్పొచ్చు. మూడూ లేకపోతే అది జీవితాంతం నడిచే వాదన.

ఇంకో చిక్కు ఉంది. సత్తుపల్లిలో ఒకటో ఓపెన్‌కాస్ట్ ఉన్న చోటే రెండోది వచ్చింది. పాత గని నడుస్తున్న చోట కొత్త గనికో, విస్తరణకో బేస్‌లైన్ తీస్తే మానిటర్లో పడేది ఏంటి? పాత గని దుమ్ము కూడా. రూల్ ప్రకారం తప్పేం లేదు, బేస్‌లైన్ అంటే "ప్రస్తుతం ఉన్నది" అనే అర్థం. కానీ ఇలా ప్రతిసారీ కొత్త "మొదలు" రాసుకుంటూ పోతే అసలు మొదలు ఎక్కడో పోతుంది. 1995లో డేనియల్ పాలీ అనే చేపల శాస్త్రవేత్త దీనికి జారిపోయే బేస్‌లైన్ అని పేరు పెట్టాడు. ప్రతి తరం సైంటిస్టులూ తాము చదువు మొదలుపెట్టినప్పుడున్న చేపల సంఖ్యే మామూలు అనుకుంటారట. కొల్లేరు పక్కన పెరిగిన మన తరానికి చేపల చెరువు గట్లే కొల్లేరు అనిపించినట్టు. మీ తాతయ్యని అడిగితే వేరే కొల్లేరు చెప్తాడు.

రిపోర్టులు ఎవరూ చదవరనే ధైర్యం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక పాత ముచ్చట. మహారాష్ట్ర రత్నగిరి వైపు ఒక బాక్సైట్ గని రిపోర్టులో రష్యా గని రిపోర్టు నుంచి పేరాలకి పేరాలు ఎత్తి పెట్టారని బయటపడింది. కొంకణ్ తీరంలో మంచు దేశాల చెట్లు మొలిచాయి. కాపీ కొట్టడం తప్పే, కనీసం చెట్ల పేర్లయినా మార్చాలిగా బాస్.

సరే, ఫోన్ చేతిలో ఉన్న మనం ఏం చేయొచ్చు? పరివేష్ అని కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్ ఉంది, 2018 నుంచి. ప్రాజెక్టు పేరు కొడితే రిపోర్టు పీడీఎఫ్ దొరుకుతుంది. వందల పేజీలు. భయపడకండి, మూడో చాప్టర్‌కి వెళ్లండి. ముందు డేటా ఏ నెలల్లో తీశారో చూడండి, అనుమతికి పెట్టే నాటికి మూడేళ్లకంటే పాతది కాకూడదు. తర్వాత శాంపిల్ తీసిన చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఉంటాయి. వాటిని మ్యాప్‌లో కొట్టి చూడండి. మీ ఊరి పేరు రాసి పాయింటు మాత్రం పక్కూరి చెరువులో పడితే, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ప్రజాభిప్రాయ సేకరణకి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రిపోర్టు తెలుగు సారాంశం కలెక్టరేట్, జిల్లా పరిషత్ ఆఫీసుల్లో పెట్టాలి. సభకి కోరం అక్కర్లేదు, అంటే పది మంది వచ్చినా జరిగిపోతుంది. మొత్తం వీడియో తీస్తారు. మైకులో అరిచిన మాటకంటే రాసి ఇచ్చిన కాగితం గట్టిది, దానికి కంపెనీ జవాబు రాయాలి. "మా ఊరు నాశనం అవుతుంది" అని రాస్తే "తగిన చర్యలు తీసుకుంటాం" అని ఒక లైను వస్తుంది. "చలికాలంలో గాలి మా ఊరి వైపు వీస్తుంది, మా ఊళ్లో మానిటర్ లేదు, మా రేగడికి ఉబ్బే పరీక్ష చేయలేదు, చేయించండి" అని రాస్తే అలా తప్పించుకోవడం కష్టం.

ఇంట్లో చేసుకునే పని కూడా ఒకటుంది. పారదర్శకంగా ఉండే జామ్ సీసా తీసుకుని మూడో వంతు మీ పొలం మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు డిటర్జెంట్ పొడి వేసి బాగా ఊపి గట్టు మీద పెట్టండి. నిమిషంలో అడుగున పేరుకునేది ఇసక. రెండు గంటల్లో దాని మీద చేరేది ఒండు. ఒకటి రెండు రోజులకి పైన దిగేది బంక. స్కేలుతో కొలిచి, తేదీ కనపడేలా, లొకేషన్ ఆన్ చేసి ఫోటో తీయండి. ల్యాబ్ రిపోర్టుకి ఇది సాటి కాదు. కానీ మీ నేల ఇసక నేల అని ఎవరైనా రాస్తే, సీసా సగం బంకతో నిండిన ఫోటో చూపించి మళ్లీ కొలవమని అడగొచ్చు.

చాట్రాయి, చింతలపూడి, విస్సన్నపేట, సత్తుపల్లి వైపు నుంచి చూస్తున్నవాళ్లుంటే, ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పతంగుల రీలుతో పాటు ఇంకో రెండు తీయండి. ఇంటి నాలుగు గోడలూ దగ్గరగా, పగుళ్లుంటే పక్కన స్కేలు పెట్టి. మామిడి పూత మొదలయ్యే టైమ్ అది, తోటలో ఆకుల మీద దుమ్ము ఎంతుందో అదీ తీయండి. గూగుల్ డ్రైవ్‌లో వేసి లింకు ఇంట్లోవాళ్లకి పంపండి, ఫోన్ పోయినా ఫోటో పోకుండా.

బోరు నీళ్ల బేస్‌లైన్ గురించి ఇందులో కావాలనే మాట్లాడలేదు, అది విడిగా చెప్పుకోవాల్సినంత ఉంది. వచ్చే ఎపిసోడ్ దాని మీదే. ఉంటా మరి, బై.